చేపా ఉంది, జీడిపిక్కా ఉంది.. ధర చెప్పే వీలే లేదు

సీతంపేట సంతలో చూసిన ఒక బేరం నాకు బాగా గుర్తు. తీరం నుంచి వచ్చినామె ముందు గంపెడు ఎండు నెత్తళ్లు, కొండ దిగి వచ్చిన సవర గిరిజనావిడ దగ్గర చింతపండు బుట్ట. "ఇంకో గుప్పెడెయ్యి వదినా" అని ఈవిడ అడిగింది. ఆమె వేసింది. గోనె మీద జారిపడ్డ రెండు చేపల్నీ ఏరి అందులోనే కలిపేసింది. ధర ఎంతన్నది వాళ్లిద్దరే తేల్చుకున్నారు.

సంత దాటితే ఆ వీలు ఇద్దరికీ లేదు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది, తీరం శ్రీకాకుళంలో ఉండిపోయింది. కష్టం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ముందు సముద్రం సంగతి. శ్రీకాకుళానికి సుమారు 190 కిలోమీటర్ల తీరం ఉంది. అయినా చాలా ఊళ్లలో బోటును ఇసుక మీదకి లాక్కోవాల్సిందే. పెద్ద బోటు నిలిపే చోటు లేదు, చేపకి ఐస్ లేదు. ఒడ్డుకు చేరిన గంటలోపే వచ్చిన ధరకు అమ్ముకోవాలి. అందుకే కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి పరాయి బోట్ల మీద, బోటు నడిపే తండేళ్లుగా, కింద పనిచేసే కలాసీలుగా ఉంటున్నారు. 2018 నవంబరులో పొరపాటున సరిహద్దు దాటి పాకిస్థాన్‌కు చిక్కినవాళ్లలో మన ఉత్తరాంధ్ర మత్స్యకారులున్నారు. వాళ్లలో 20 మంది వాఘా మీదుగా తిరిగొచ్చింది 2020 జనవరి 6న. పద్నాలుగు నెలలు ఆ ఇళ్లలో ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించలేం. అంత జరిగాక కూడా వలస ఆగలేదు.

క్యాలెండర్ కూడా వీళ్లకు కలిసి రాదు. మన వైపు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. పడమటి తీరంలో జూన్‌లో మొదలవుతుంది. అంటే మన ఊళ్లో బోట్లు కట్టేసి, నిషేధ కాలానికి ప్రభుత్వమిచ్చే భృతి కోసం పేర్లు రాసుకునే రోజుల్లో వలస కుర్రాడు ఇంకా అక్కడి బోటు మీదే ఉంటాడు. అతను ఇల్లు చేరేసరికి ఇక్కడ నిషేధం ముగింపుకొస్తుంది. భృతి వద్దని నేననను, ఆ రెండు నెలలూ పొయ్యి వెలగాలి కదా. కానీ మిగతా పది నెలలకు కావాల్సింది జెట్టీ, ఐస్ ప్లాంటు. బుడగట్లపాలెం హార్బర్, మంచినీళ్లపేట జెట్టీ అన్న పేర్లు ఏళ్లుగా వింటున్నాం. వాటికి దక్కాల్సిన పట్టుదల సాయం పంపిణీ సభలకు దక్కుతోంది.

ఇక కొండ. సవరలు, జాతాపులు కందికొత్తల పండుగలో దేవతకు పెట్టనిదే కొత్త కందులు నోట పెట్టుకోరు. పంటకు అంత మర్యాద ఇచ్చే మనుషులు జీడిపిక్కల్ని మాత్రం కోసిన వెంటనే, ఎండీ ఎండకముందే అమ్ముకుంటారు. దాచడానికి గోదాము ఉండదు, వ్యాపారి దగ్గర తీసుకున్న అప్పు ఉంటుంది. పలాసలో వందలాది జీడి పరిశ్రమలున్నాయి. ఆఫ్రికా పిక్కలు కూడా అక్కడికే దిగుతాయి. ఆ సరుకు దిగితే ఇక్కడి 80 కిలోల బస్తా ధర పడిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తీరం వైపున్న ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్ని కూల్చేసింది. కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఏళ్ల తరబడి ఎదురుచూసిన రైతుకు, కాపు వచ్చాకైనా గిట్టుబాటు దొరకొద్దా?

అటవీ ఉత్పత్తులు కొనడానికి 1956 నుంచి గిరిజన సహకార సంస్థ (జీసీసీ) ఉంది. అది చింతపండు కొనడంతో ఆగకూడదు. సీతంపేట చుట్టూ పిక్కల్ని ఎండబెట్టే కళ్లాలు, గోదాములు, చిన్న జీడి యూనిట్లు పెట్టి, వాటిని గిరిజన మహిళా సంఘాల చేతికి ఇవ్వాలి. పిక్క కొట్టి పప్పు తీసే పని పలాసలో ఇప్పటికే ఆడవాళ్లే చేస్తున్నారు, అదేమీ రాని పని కాదు.

ఆగస్టు వస్తే ఆముదాలవలస స్టేషన్‌లో మళ్లీ సంచులు సర్దుకున్న కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లు పట్టబోయే చేపలు వెరావల్ ఐస్‌లోకి వెళ్తాయి.