జీనోమ్ బ్రౌజర్ గారికి, ఒక క్లిక్కు బాధితుడు రాయునది

మహారాజశ్రీ జీనోమ్ బ్రౌజర్ గారికి,

ఉభయకుశలోపరి. డీఎన్‌ఏ అక్షరాలను తెర మీద పరిచి చూపించే సాఫ్ట్‌వేర్ తమరు. నిన్న సాయంత్రం తమరు నా స్క్రీన్ మీది పన్నెండు ట్రాకులనూ (డేటా చూపే అడ్డ వరసలను) ఒక్క దెబ్బకు గులాబీ రంగు చేసిన సందర్భంగా ఈ ఉత్తరం.

నేను అడిగింది మూడో పేషెంట్ ట్రాక్ ఒక్కదాని రంగు మార్చమని. దాని పేరు మీద రైట్ క్లిక్ చేశాను. అంతకు పది నిమిషాల ముందు, ఎత్తు తగ్గిద్దామని అన్నిటినీ సెలెక్ట్ చేసిన సంగతి నేను మర్చిపోయాను. తమరు మర్చిపోలేదు. పెళ్లి పందిట్లో ‘సుబ్బారావ్!’ అని కేకేస్తే సగం మంది లేచి వచ్చినట్టు పన్నెండూ కదిలొచ్చాయి. సెలెక్ట్ అయిందనడానికి గుర్తుగా పేరు వెనక లేత బూడిద రంగు పూస్తారట. మా ల్యాబ్ పాత మానిటర్లో అది కనిపించాలంటే దివ్యదృష్టి కావాలి.

తమరి జ్ఞాపకశక్తి గొప్పదే. మరి మొన్న ఏమైంది? సికిల్ సెల్ రక్తజబ్బు తెచ్చే డీఎన్‌ఏ మార్పు చూద్దామని పాత నోట్సులోంచి 11వ క్రోమోజోమ్, 5,248,232 అని కొట్టాను. ఆ నంబరు మనిషి జీనోమ్‌కు 2009 నాటి పటమైన హెచ్‌జీ19ది. తెరిచి ఉన్నది 2013లో వచ్చిన కొత్త పటం హెచ్‌జీ38. అందులో ఆ అక్షరం 5,227,002 దగ్గరుంటుంది. అంటే 21,230 అక్షరాల తేడా. నేను అడిగింది పెద్దవాళ్ల రక్తంలో పనిచేసే బీటా గ్లోబిన్ ఇల్లు. తమరు దింపింది కడుపులో బిడ్డకు పనికొచ్చే గామా గ్లోబిన్ గడప ముందు. ‘అయ్యా, అడ్రస్ పాతదేమో’ అని ఆటోవాడైనా అడుగుతాడు. తమరు నోరు మెదపలేదు. రీడ్లన్నీ (పేషెంట్ డీఎన్‌ఏలో మెషీన్ చదివిన చిన్న ముక్కలు) తేడా లేదన్నట్టు బూడిద రంగులో నీట్‌గా కనబడేసరికి, పేషెంట్‌కి ఏమీ లేదని గంటసేపు సంతోషపడ్డాను. సరైన చోటికి వెళ్లాక నిలువునా ఆకుపచ్చ ఏ అక్షరాలు బారులు తీరి ఉన్నాయి. (పుస్తకంలో ఏ పోయి టీ వచ్చిందని ఉంటుంది. డీఎన్‌ఏకున్న రెండు తంతువుల్లో జీన్ ఎదురు తంతువు మీద ఉంది కాబట్టి తమరు తిరగేసి, టీకి జత అయిన ఏ చూపిస్తారు. ఈ మాట జూనియర్లకు ఏటా చెప్పడం నా ఉద్యోగంలో భాగం.)

కంట్రోల్ నొక్కి రీడ్ మీద క్లిక్ చేస్తే దాని చుట్టూ రంగు గీత వస్తుంది, అదే ముక్కను రెండో చివర నుంచి చదివిన దాని జత రీడ్‌కీ అదే రంగు వస్తుంది. అది మాత్రం ముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ మాక్‌లో కంట్రోల్ క్లిక్ అంటే రైట్ క్లిక్కే. రీడ్ సెలెక్ట్ అవుతుందని చూస్తే మెనూ ఊడిపడింది.

మళ్లీ నిన్నటి గులాబీకి వద్దాం. కంగారులో ఏదో నొక్కబోయి ‘రిమూవ్ ట్రాక్స్’ మీద వేలు పడింది. చివర్న ఆ ‘స్’ చూసుకోవాల్సింది. పన్నెండూ మాయం. కింద జీన్ల ట్రాక్ ఒక్కటే, ఊరంతా జాతరకు పోతే ఇంటికి కాపలా ఉన్న ముసలమ్మలా మిగిలింది. కంట్రోల్ జడ్ కొట్టాను. మళ్లీ కొట్టాను. పక్క సీటు మేడమ్ ‘కీబోర్డ్ పాడైందా?’ అని అడిగారు.

అదృష్టం, మధ్యలో సెషన్ (తెర మీది అమరిక మొత్తం) సేవ్ చేశానని గుర్తొచ్చింది. తెరిచాను. పన్నెండు ట్రాకులూ వరస తప్పకుండా తిరిగొచ్చాయి.

సేవ్ చేసింది గులాబీ అయ్యాకట.

ఇట్లు,
తమరి కుడి క్లిక్కుకు విధేయుడు