ఆరోగ్యాన్ని నిషేధించండి

పేదరికం, రోగం, మురుగు, అవినీతి ప్రపంచంలో ఇంకా ఎందుకు మిగిలి ఉన్నాయని అడిగితే నిధుల కొరత అనీ, రాజకీయ సంకల్పం లేదనీ, జనాభా పెరిగిందనీ పండితులు చెబుతూ వచ్చారు. గోదావరి డెల్టాలో పుట్టి, ఇక్కడి కాలువ నీళ్లు తాగి, ఇక్కడి దోమల చేత కుట్టించుకుని పెరిగిన వాడిగా ఈ జవాబులన్నిటినీ నేను సవినయంగా తోసిపుచ్చుతున్నాను. ఈ సమస్యలు తీరకపోవడానికి కారణం ఒక్కటే: తీరుస్తామని ప్రభుత్వాలు మాట ఇవ్వడం.

ఈ మాట తొందరపడి అంటున్నది కాదు. 1978 సెప్టెంబరులో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా ఆటాలో సమావేశమైన దేశాలు 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అందిస్తామని ప్రకటించాయి. 2000 వచ్చింది. ఆరోగ్యం రాలేదు గాని, దానికి బదులుగా ఎనిమిది సహస్రాబ్ది లక్ష్యాలు వచ్చాయి. వాటికి 2015 గడువు. 2015లో ఆ ఎనిమిదీ పదిహేడయ్యాయి. వాటి కింద 169 ఉపలక్ష్యాలు, గడువు 2030. మా షావుకార్లు బాకీ నోటు తిరగరాయించుకునేటప్పుడు వడ్డీని అసలులో కలిపే పద్ధతి ఐక్యరాజ్యసమితికి ఎవరు నేర్పారో తెలియదు గాని, బాగా నేర్పారు. ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం పేద దేశాలకు సాయంగా ఇవ్వాలని 1970లో చేసిన తీర్మానం ఇంతకన్నా ముచ్చటైనది. ఆ దశాబ్దం సగం గడిచేసరికి చేరాలన్నారు. అరవై ఏళ్లకు దగ్గరపడుతున్నా, చేరిన దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అంత దూరం పోవడం దేనికి? మా డెల్టాకు బోదకాలు ఉంది. దాని నియంత్రణకు జాతీయ కార్యక్రమం 1955లో మొదలైంది. ఆ వ్యాధి మీద శిక్షణ, పరిశోధన సాగించే కేంద్రాన్ని మా రాజమహేంద్రవరంలోనే పెట్టారు. వ్యాధి ఎలా వస్తుందన్నది రహస్యం కాదు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఒకరి నెత్తురులోని పురుగు పిల్లలను మరొకరికి చేరవేస్తుంది. అవి శోషరస (లింఫ్) నాళాలలో కాపురం పెడతాయి. ఏళ్లు గడిచాక కాలు వాచి, ఇక తగ్గనంటుంది. మందు కూడా రహస్యం కాదు, డి.ఇ.సి. మాత్ర, దానికి తోడు ఆల్బెండజోల్. 2002 నాటి జాతీయ ఆరోగ్య విధానం ఈ వ్యాధిని 2015కల్లా నిర్మూలిస్తామన్నది. తరువాత అది 2017 అన్నారు, ఆ పైన ఇంకొంచెం జరిపారు, ఇప్పుడు 2027 అంటున్నారు.

మాత్రల పంపిణీ ఎలా జరిగిందో చూసిన వారికి ఈ జరుగుబాటు ఆశ్చర్యం కలిగించదు. ఆరోగ్య కార్యకర్త తన కళ్లముందే మింగించాలన్నది నియమం. మా వాళ్లు మర్యాదస్థులు; గుమ్మంలోకి వచ్చిన మనిషిని నొప్పించలేక, "భోంచేశాక వేసుకుంటాంలే అమ్మా" అని మాత్రలను గూట్లో పెడతారు. ఆవిడా మర్యాదస్థురాలే కాబట్టి మింగినట్టుగా రాసుకుంటుంది. ఇద్దరి మర్యాదా దక్కుతుంది. ఆ రాత్రి దోమ మాత్రం వస్తుంది, దానికి మర్యాద తెలియదు.

దోమ పుట్టే మురుగు కాలువ మీద అర్జీలు పెట్టుకునే ఏర్పాటు కూడా ఉంది. ప్రతి ప్రభుత్వమూ అధికారంలోకి రాగానే ఆ ఏర్పాటుకు కొత్త పేరు పెడుతుంది. "మీ కోసం" పోయి 2019లో "స్పందన" వచ్చింది, అది పోయి 2024లో "ప్రజా సమస్యల పరిష్కార వేదిక" వచ్చింది. పేర్లు మారినా అర్జీలు తీసుకునే సోమవారం మారలేదు, కాలువలోని గుర్రపుడెక్క మారలేదు.

మాట ఇచ్చిన పనుల సంగతి ఇది. నిషేధించిన పనుల చరిత్ర వేరు. కట్నాన్ని 1961లో నిషేధించారు; అప్పటి నుంచి అది ఎకరాల నుంచి అపార్టుమెంట్లకూ, అక్కడి నుంచి అమెరికా ఫీజులకూ క్రమంగా అభివృద్ధి చెందుతూ వచ్చింది. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించి, అయిదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత, లోపల చేపల చెరువులు కూడదన్నారు. 2006లో వాటి గట్లు కొట్టించారు. గట్లు మళ్లీ లేచాయి, అదీ ఏ పథకమూ సబ్సిడీ ఇవ్వకుండానే. రొయ్యల చెరువుల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు వాడరాదన్నారు. వాటి ఆనవాళ్లను ఐరోపా ప్రయోగశాలలు మన దేశపు సరుకులో అప్పుడప్పుడూ కనిపెట్టి తిప్పి పంపిస్తూనే ఉన్నాయి. అర్హత లేనివారు వైద్యం చేయరాదని చట్టం చెబుతుంది; అందుకేనేమో, డెల్టా పల్లెల్లో అర్ధరాత్రి ఫోను చేస్తే బండి మీద వచ్చి సూది వేసి వెళ్లేది ఆరెంపీ డాక్టరు ఒక్కడే. ఆయన అయిదు రోజుల యాంటీబయోటిక్ రాస్తే మనం రెండు రోజులకే మానేస్తాం. మిగిలిన మూడు రోజుల కథను క్రిములు చూసుకుంటాయి. అవి మందుకు లొంగకుండా తయారవడాన్ని అరికట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక కార్యాచరణ ప్రణాళిక కూడా వేసింది కాబట్టి ఇక భయం లేదు.

అయితే నిషేధం సాధించగల మహాకార్యాలకు శిఖరం సంక్రాంతి కోడిపందెం. జంతుహింస నివారణ చట్టం 1960 నాటిది, జూద నిరోధక చట్టం 1974 నాటిది, పందేలు జరగనివ్వరాదని ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో స్పష్టంగా ఆదేశించింది. ఏటా నెలగంట పెట్టిన దగ్గర నుంచి పోలీసులు ఊరూరా హెచ్చరిక బ్యానర్లు కట్టి, మైకులో చాటించి, కత్తులు కట్టే వారి చేత పూచీకత్తు రాయించుకుని బైండోవరు చేస్తారు, అంటే ప్రచార బాధ్యతంతా ప్రభుత్వమే తన ఖర్చుతో మోస్తుంది. భోగి తెల్లవారేసరికి, నిన్నటిదాకా బురదగా ఉన్న చేను చదునై, దానికి దారి పడి, షామియానాలు, గ్యాలరీలు, ఫ్లడ్‌లైట్లు, పెద్ద తెరలు, కార్లు నిలపడానికి విడిగా స్థలం సిద్ధంగా ఉంటాయి. బిల్లు రాలేదని పని ఆపిన కాంట్రాక్టరు ఒక్కడూ కనబడడు. గాయపడిన పుంజుకు బరి పక్కనే కుట్లు వేసే మనిషి ఉంటాడు. ఆ ఊరి మనిషికే గాయమైతే మాత్రం పెద్దాసుపత్రికి చీటీ రాసిస్తారు. రసీదు లేకుండా, సంతకం లేకుండా, నోటిమాట మీద లక్షలు చేతులు మారతాయి, అయినా రూపాయి తేడా రాదు. పారదర్శకత మీద సదస్సులు జరుపుకునే వారు ఒకసారి భీమవరం వైపు వచ్చి ఈ బరుల్లో లెక్క తేలే వేగం చూసి పోవలసిందిగా కోరుతున్నాను. గది మాత్రం ముందే చెప్పి పెట్టుకోవాలి, సంక్రాంతికి లాడ్జీలు దొరకవు.

ఈ సిద్ధాంతానికి మూలపురుషుడిని నేను కాను. ఒక నీటి సంఘం మాజీ అధ్యక్షుడు చాలాకాలం కిందటే దీన్ని ఒక్క వాక్యంలో తేల్చారు: "డ్రెయిను తవ్వండంటే ఫండ్సు లేవంటారండీ, తవ్వొద్దని బోర్డు పెట్టించండి, గట్టు మట్టి లేచిపోయినట్టు రాత్రికి రాత్రి తవ్వేస్తారు."

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మశూచి ప్రపంచం నుంచి పోయిందని 1980లో ప్రకటించారు. మన దేశంలో పోలియో ఆఖరి కేసు 2011 జనవరిలో వచ్చింది. ఈ రెంటినీ తుడిచిపెడతామని మాట ఇచ్చే తుడిచిపెట్టారు గదా అని ఎవరైనా అడగవచ్చు. విచారించగా తేలిందేమిటంటే, పోలియో పనిలో ఉన్నవారు చుక్కలు బిడ్డ నోట్లో పడేదాకా గుమ్మంలోనే నిలబడి, వేలికి సిరా గుర్తు పెట్టి, తాళం వేసి ఉన్న ఇంటికి మర్నాడు మళ్లీ వెళ్లారు. ఇంతటి మొండితనాన్ని అన్ని శాఖల నుంచీ ఆశించడం సభ్యత కాదు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్టను 1852కల్లా ముగించిన సంగతి కూడా కొందరు ఎత్తుతారు. ఆయన విగ్రహాలకు ఏటా దండలు వేస్తున్నాం. ఆయనలాగా పని చేయాలన్న షరతు ఆ దండల్లో ఎక్కడా లేదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఐక్యరాజ్యసమితి తన పదిహేడు లక్ష్యాలనూ ఉపసంహరించుకుని, వాటి స్థానంలో పదిహేడు నిషేధాలు విధించాలి. పేద దేశాలకు ఒక్క డాలరు కూడా పంపరాదని భద్రతా మండలి తీర్మానిస్తే, ధనిక దేశాలు ఏవో దీవుల బ్యాంకుల గుండా 0.7 కాదు, 7 శాతం పంపించుకుంటాయి. డి.ఇ.సి. మాత్రను పుదుచ్చేరి పాలనలోని ఒక్క యానాంలోనే అమ్మనిచ్చి, దాన్ని ఎదుర్లంక వంతెన దాటించిన వారిపై కేసు పెడతామంటే, స్కూటర్ల డిక్కీల్లోనూ కొబ్బరికాయల బస్తాల కిందా అది కోనసీమంతటా చేరిపోతుంది. ఎక్కువ ధర పెట్టి చాటుగా కొన్న మాత్రను గూట్లో వదిలేసే అమాయకుడు మా వైపు ఇంకా పుట్టలేదు.

కట్నం విషయంలో మాత్రం దీనికి ఎదురు వైద్యం చేయాలి. ఆ చట్టాన్ని వెంటనే రద్దు చేసి, 2030 నాటికి అర్హుడైన ప్రతి పెళ్లికొడుక్కీ కట్నం అందేలా చూస్తామని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకోవాలి. దరఖాస్తుకు ఆదాయ ధ్రువపత్రం జతచేయమని అడిగి, జిల్లాకొక కమిటీ వేసి, నెలనెలా సమీక్ష జరిపితే, రెండేళ్లు తిరిగేసరికి కట్నం తీసుకున్న వాడు జిల్లాలో దొరకడు.

ముందుగా మురుగు కాలువతో ప్రయోగం చేసి చూడవచ్చు. పూడిక తీయడం, గుర్రపుడెక్క లాగడం శిక్షార్హమని డిసెంబరులోనే ఉత్తర్వు వెలువడాలి, బ్యానర్లు కట్టాలి, పారలు చేసే కమ్మరులను బైండోవరు చేయాలి. భోగి నాటికి ఫ్లడ్‌లైట్లు వచ్చేస్తాయి. కనుమ సాయంత్రానికి కాలువ అడుగు కనబడుతుంది. ముక్కనుమ నాడు పోలీసులు దాడి చేసి, గుర్తు తెలియని వ్యక్తులు కాలువను శుభ్రం చేసినట్టు కేసు నమోదు చేసి, అక్కడ దొరికిన రెండు పారలను స్వాధీనం చేసుకుంటారు. పట్టుకున్న పుంజులను వేలం వేసినట్టే వాటినీ తరువాత వేలం వేస్తారు. ఎవరు పాడుకుంటారన్నది ఊళ్లో అందరికీ ముందే తెలిసి ఉంటుంది.