చందా ఒకరిది, ఓటు మరొకరిది

సూర్యాపేటలో కర్నల్ సంతోష్‌బాబు విగ్రహానికి దండ వేయడంలో ఏ పార్టీ నాయకుడూ వెనకాడడు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో ఆయనతోపాటు మరో 19 మంది సైనికులు నేలకొరిగారు. సెప్టెంబరులో రక్షణమంత్రి లోక్‌సభలో ప్రకటన చదివారు. దానిపై చర్చ మాత్రం జరగలేదు. 1962లో చైనాతో యుద్ధం నడుస్తుండగానే, నవంబరులో, అదే సభ రోజుల తరబడి చర్చించింది.

యుద్ధానికి బాధ్యులెవరంటే కంపెనీల వైపు వేలెత్తడం తేలిక. ఇరాక్ యుద్ధం మాట వస్తే ఇప్పటికీ అమెరికా చమురు సేవల సంస్థ హాలిబర్టన్ పేరే వినిపిస్తుంది. నాటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ 1995 నుంచి 2000 దాకా ఆ సంస్థను నడిపినవారు. యుద్ధం మొదలయ్యాక దాని అనుబంధ సంస్థకు భారీ కాంట్రాక్టులు దక్కాయి కనుక ఆ అనుమానం అన్యాయమేమీ కాదు. అయితే 2002 అక్టోబరులో యుద్ధానికి అనుమతినిచ్చిన తీర్మానం సెనేట్‌లో 77–23 ఓట్లతో నెగ్గింది. ఆ 77లో 29 ఓట్లు అధ్యక్షుడికి ప్రత్యర్థులైన డెమోక్రాట్లవి. యుద్ధానికి కారణంగా చూపిన సామూహిక విధ్వంసక ఆయుధాలు ఇరాక్‌లో దొరకలేదని తేలాక, తమను నమ్మించి మోసగించారని ఓటు వేసినవారిలో కొందరు వాపోయారు. లాభం కంపెనీకి ముట్టి ఉండవచ్చు, ఓటు మాత్రం వాళ్లే వేశారు.

మన దేశంలో ఆయుధాల తయారీలోకి ప్రైవేటు సంస్థలను 2001లో అనుమతించారు. అందులో తప్పు పట్టడానికి లేదు. సరిహద్దులో సైనికుడి చేతికి కావలసింది ఇక్కడే తయారైతే మేలే. చిక్కంతా చందాల దగ్గర. మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి కంపెనీలు పార్టీలకు ఇవ్వరాదన్న హద్దును 2017లో తొలగించారు, ఎన్నికల బాండ్లతో ఇచ్చినవారి పేర్లనూ మరుగుపరిచారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రెండింటినీ కొట్టివేసేదాకా భాజపా, కాంగ్రెస్, భారాస మూడూ ఆ సొమ్ము పుచ్చుకున్నవే. వద్దన్న వామపక్షాలకు నల్లగొండలోనే ఓట్లు తగ్గిపోవడం వేరే కథ.

యుద్ధం ఎక్కడో దూరాన జరిగేదని పాలమూరు ఇక అనుకోవడానికి వీల్లేదు. సహాయకుడి ఉద్యోగమని చెప్పి రష్యాకు పంపితే, నారాయణపేట ప్రాంత యువకుడొకడు యుక్రెయిన్ యుద్ధరంగంలో తేలి, 2024లో బతికి ఇల్లు చేరాడు.

అందుకే నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలను, వారు ఏ పార్టీవారైనా సరే, మేము రెండు విషయాలు అడుగుతున్నాము. రక్షణ కాంట్రాక్టులున్న సంస్థల నుంచి అందిన చందాలను, ఏడాది నివేదిక దాకా ఆగకుండా, అందిన నెలలోనే తమ పార్టీలు వెల్లడించేలా చూడాలి. సైన్యాన్ని సరిహద్దు దాటించే నిర్ణయంపై పార్లమెంటులో పేరుపేరునా ఓటింగు జరగాలని కోరాలి. గోప్యత తప్పనిసరైతే, ఆ ఓటింగు దాడి ముగిసిన తర్వాతి సమావేశంలోనైనా జరగాలి.