సవరణ: ఆ గ్రామీ 116 క్లిక్‌ది కాదు, లెక్రేది

క్రిస్టియన్ హిప్‌హాప్ బృందం 116 క్లిక్ గురించి నేను పెట్టిన పోస్టులో "2013లో వీళ్లకు గ్రామీ వచ్చింది" అని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. ఆ ఏడాది ఉత్తమ గాస్పెల్ (క్రైస్తవ భక్తి సంగీతం) ఆల్బమ్ అవార్డు వచ్చింది బృంద సభ్యుడు లెక్రేకి, 2012లో విడుదలైన ఆయన సోలో ఆల్బమ్ 'గ్రావిటీ'కి. గ్రామీ విజేతల జాబితాలో ఆయన పేరే ఉంది. ఆ విభాగంలో గెలిచిన మొదటి హిప్‌హాప్ కళాకారుడు కూడా ఆయనే. కాబట్టి ఇది చిన్న తేడా కాదు, ఘనత ఎవరిదో వాళ్లకే చెందాలి.

ఇంకో సంగతి. 116 అంటే సభ్యుల సంఖ్య అని చాలామంది అనుకున్నారు. నేను వివరంగా రాయకపోవడం వల్లే అలా అర్థమైంది. అది బైబిల్‌లో రోమీయులకు రాసిన పత్రిక (లేఖ) 1వ అధ్యాయం, 16వ వచనం. సువార్త (యేసు గురించిన శుభవార్త) విషయంలో సిగ్గుపడనని ఆ లేఖ రాసిన అపొస్తలుడు పౌలు చెప్పే మాట అందులో ఉంది. లెక్రే, టెడాషి, ట్రిప్ లీ లాంటి ర్యాపర్లు విడిగా ఎవరి ఆల్బమ్‌లు వాళ్లు చేస్తూనే ఈ పేరు మీద కలిసి పాడతారు. నేను తికమకపడింది కూడా ఇక్కడే. బృందంగా చేసిన పని వినాలనుకుంటే 2011 నాటి 'మ్యాన్ అప్' వినండి. మగతనం అంటే జులుం కాదు, బాధ్యత అని యువకులకు సూటిగా చెప్పే ఆల్బమ్ అది. నాకు చాలా ఇష్టం.

పాత పోస్టులో అవార్డు వాక్యం మార్చాను. దాన్ని షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా షేర్ చేయండి.