ఆరు లైన్ల పుల్లీ

ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పబట్టి ఇరవై రెండేళ్లయింది నాకు. మొన్న గురువారం మిట్టమధ్యాహ్నం, అనంతపురం ఊరి బయట ఒక గుజిరీ అంగడిలో, నలుగురు మనుషులూ ఒక కుక్కా చూస్తుండగా ఆరు దాకా లెక్కపెట్టలేకపోయినాను. కుక్కకు తెలిసిందో లేదో చెప్పలేను గానీ మిగిలిన నలుగురికీ తెలుసు.

సంగతేమంటే కారు ఏసీ పోయింది. అది మే నెలలోనే పోతుంది, డిసెంబర్లో పోయినా మనకు తెలీదు. స్విచ్చి వేస్తే మొదట టకటకా, తర్వాత కీచుమని ఒక అరుపు, ఆ తర్వాత బయట ఎంత వేడిగాలి ఉందో లోపలా అంతే. మెకానిక్ గొట్టం విప్పి లోపల వేలు పెట్టి తీసినాడు. వేలికంటిన నూనెలో వెండిపొడి మాదిరి మెరుస్తోంది. మా ఆవిడ పట్టీలు మెరుగు పెట్టించినప్పుడు కూడా అంత మెరుపు చూడలేదు.

"కంప్రెసర్ లోపల అరిగి పొడైపోయింది సార్. ఇది పాయె" అన్నాడు.

కొత్తది ఎంతని కంపెనీ సర్వీసు సెంటరుకు ఫోన్ చేసినాను. ఆ అమ్మాయి ధర చెప్పి, "ప్లస్ లేబర్, ప్లస్ జీఎస్టీ సార్" అని ఎంత మర్యాదగా చెప్పిందంటే, నేను కూడా మర్యాదగా థాంక్యూ చెప్పి పెట్టేసినాను. నాది 2012 మోడల్ బండి. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపితే అట్లాంటి బండే ఇంకొకటి వస్తుంది, ఏసీ పనిచేసేది. అన్నట్టు, కొత్త కార్లు పుట్టే ఫ్యాక్టరీ ఒకటి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉంది, మాకు గంటన్నర దూరం. మా జిల్లా, మా ఫ్యాక్టరీ అని చుట్టాలందరికీ చెప్పుకుంటూ ఉండేవాళ్లం. 2022లో జిల్లాను చీల్చినప్పుడు అది శ్రీ సత్యసాయి జిల్లా వాటాకు పోయింది. మా వాటాకు ఎండ మిగిలింది.

"గుజిరీలో పాతది తెచ్చుకోండి సార్, నేను బిగిస్తా" అన్నాడు మెకానిక్. నువ్వూ రావయ్యా అంటే, "మూడు బండ్లు విప్పి పెట్టుకున్నా సార్. మీరు చదువుకున్నోళ్లు, మీకు చెప్పల్లనా?" అని చెప్పడం మొదలుపెట్టినాడు. పెట్రోల్ బండిది తేవాలంట, డీజిల్‌ది కాదు. గొట్టాల రంధ్రాలకు మూతలు ఉండాలంట. లోపలి నూనె గాలిలో తేమను పీల్చుకుంటుందంట. అనంతపురం గాలిలో తేమ ఎక్కడుందయ్యా అని అడిగినాను. అతను నవ్వలేదు. నూనె వాసన చూడమన్నాడు, మాడు వాసన వస్తే వద్దన్నాడు. అన్నీ అయినాక, బండి కింద దూరుతూ, కాళ్లు మాత్రమే బయట కనిపిస్తుండగా అన్నాడు, "ముఖ్యంగా పుల్లీ, అదే బెల్టు తిరిగే చక్రం, ఆరు లైన్లు ఉండల్ల సార్. ఐదు లైన్లది తెస్తే మన బెల్టు కూర్చోదు."

లైన్లు. ఈ ఒక్క మాట దగ్గర నేను ఆగి, లైను అంటే ఏమని అడిగి ఉండాలి. రేఖకు పొడవే గానీ వెడల్పు లేదని ఏటా జూన్‌లో బోర్డు మీద రాసేవాణ్ణి నేనే. వెడల్పు లేనిదాన్ని ఎట్లా లెక్కపెడతారని అడగకుండా, సరేనని తల ఊపి, ఆటో ఎక్కినాను.

అంగడి హైవే పక్కన. ఆ హైవేకు ఏడో నంబరు తీసి నలభై నాలుగు పెట్టి పదేళ్లు దాటినా, ఆటో డ్రైవర్లు ఇప్పటికీ "ఏడో నంబర్ రోడ్డు" అంటారు. నంబర్ల విషయంలో మా ఊరికి మొదటి నుంచీ కొంచెం నిదానమే. వేపచెట్టుకు కార్ల తలుపులు ఆనించి పెట్టినారు. దండేనికి గాజులు తగిలించినట్టు ఇనుప కడ్డీకి స్టీరింగులు. కంప్రెసర్లను ఒక మూల టెంకాయల కుప్ప మాదిరి పోసినారు. ఓనరు భోజనానికి పోయినాడు. కొడుకు ఉన్నాడు. ఇరవై ఐదేళ్లు ఉంటాయి, నన్ను చూడగానే లేచి నిలబడినాడు. గిరాకీకి మర్యాద అనుకున్నాను.

కుప్పలోంచి ఒకటి తీసి నా ముందు పెట్టినాడు. మూతలు ఉన్నాయి. ఊడదీసి వాసన చూసినాను, మాడు వాసన లేదు. పుల్లీని చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది. "అబ్బా, ఎంత నున్నగా తిరుగుతోందో" అన్నాను.

"సార్, అది సచ్చిపోయిన కంప్రెసర్‌కైనా తిరుగుతాది" అన్నాడు పిల్లోడు. "బేరింగు మీద ఉంటాది కదా. ముందర ఈ ప్లేటు తిప్పల్ల సార్." ఏసీ స్విచ్చి వేసినప్పుడు లోపలి కాయిల్‌కు కరెంటు వచ్చి, అయస్కాంతం ఆ ప్లేటును లాగి పుల్లీకి అతికిస్తుందంట. అప్పుడే లోపలి పిస్టన్లు కదులుతాయంట. ప్లేటు తిప్పినాను. రొంత బిగువుగా, ఎక్కడా పట్టకుండా తిరిగింది. రంధ్రం మీద బొటనవేలు పెడితే పుసుక్కుమని గాలి తన్నింది. బాగుంది.

ఇక లైన్లు.

పుల్లీ చుట్టూ సన్నటి గాడులు, ఒక్కొక్కటి మూడున్నర మిల్లీమీటర్లు ఉంటుందేమో. నల్లటి ఇనుము మీద నల్లటి గ్రీజు గట్టిపడి, ఏది ఇనుమో ఏది మట్టో తెలీదు. దగ్గర చూపు అద్దాలు ఇంట్లో ఉన్నాయి. అందుకని బొటనవేలి గోరును పుల్లీ ఒక అంచు మీద పెట్టి, రెండో అంచు దాకా టక్, టక్, టక్ అని లాక్కుపోయినాను. ఆరు. ఇంకోసారి లాగినాను. ఆరే. నాకు ధైర్యం వచ్చింది. అంతటితో డబ్బులిచ్చి పోయుంటే పరువు రోడ్డు మీదికి రాకుండా షెడ్డులోనే పోయి ఉండేది. కానీ "ఆరు ఉండాయి కదప్పా?" అని ఆ పక్కనున్నోళ్లను అడిగినాను. సాక్షి సంతకాలు లేకుండా ఏ పనీ చేయని అలవాటు, పరీక్షల డ్యూటీల వల్ల వచ్చింది.

టీ తెచ్చిన పిల్లవాడు గ్లాసుల బుట్ట కింద పెట్టి, వంగి చూసి ఏడన్నాడు. పుల్లీకీ ప్లేటుకూ మధ్య సందు కూడా వాడి లెక్కలో పడింది. లారీ క్లీనర్ ఒకతను ఐదన్నాడు, మళ్లీ చూసి ఆరన్నాడు, నా మొహం చూసి "మీరు ఎంతంటే అంత సార్" అన్నాడు. నాలుగో మనిషి ఒక పెద్దాయన. ట్రాక్టరుకు డైనమో కోసం వచ్చి, తిరగేసిన టైరు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. లేవకుండా చెయ్యి చాపినాడు. కంప్రెసర్ ఇచ్చినాను. పంచె కొంగుతో గ్రీజు తుడిచి, అగ్గిపుల్ల తీసి ఒక్కొక్క గాడిలో దించుతూ పోయినాడు.

"ఐదు" అన్నాడు.

"ఆరు పెద్దాయనా."

"ఐదే సామీ. నువ్వు గట్లు లెక్కేస్తాండావు. నేను సాళ్లు లెక్కేస్తాండా."

చెప్పినాను కదా, ఇరవై రెండేళ్ల సర్వీసు. నా చెయ్యి దానంతటదే జేబులోని పెన్ను మీదికి పోయింది. అక్కడ పడున్న అట్టపెట్టె చింపి, దాని మీద రోడ్డు గీసినాను. "చూడు పెద్దాయనా. వంద మీటర్ల రోడ్డు. పది మీటర్లకు ఒక కరెంటు స్తంభం. మొత్తం ఎన్ని స్తంభాలు? అందరూ పది అంటారు. తప్పు. ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఉంటాయి కాబట్టి పదకొండు. ఖాళీలు పది, స్తంభాలు పదకొండు. అర్థమైందా?" ఈ లెక్కకు పది అని చెప్పిన ప్రతివాణ్ణీ బెంచీ మీద నిలబెట్టిన చరిత్ర నాది. ఆ లెక్క ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదనుకుంటా. టీ పిల్లవాడు కూడా తల ఊపినాడు.

పెద్దాయన అట్టముక్కను శ్రద్ధగా చూసినాడు. "అర్థమాయ సామీ. మరి నీ బెల్టు స్తంభాల మింద కూకుంటాదా, ఖాళీల్లో కూకుంటాదా?"

నేను ఏమీ అనలేదు.

"చెనిక్కాయ ఇత్తనం ఎవురన్నా గట్టు మింద ఏస్తారా?" అన్నాడు మళ్లీ. ఈసారి నన్ను కాదు, కుక్కను అడిగినట్టు.

న్యాయంగా ఇక్కడ ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా, "ఇది టెక్నికల్ విషయం పెద్దాయనా" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలీదు. ఆ ఎండలో, ఆ రేకుల కింద, అట్టముక్క మీద నా చేతిరాతతో నిరూపణ అంతా సిద్ధంగా ఉండి కూడా, ఆ నిరూపణ నా మీదే కేసు పెట్టిందని గుర్తుపట్టలేదు. మెకానిక్‌కు ఫోన్ చేసినాను, ఎత్తలేదు. ఫొటో పంపినాను, చూడలేదు. వాళ్లు బండి కింద ఉన్నంతసేపూ ఫోను బండి మీద ఉంటుంది. అంగడి పిల్లోణ్ణి చూసినాను, ఏమంటావని. వాడు వేపచెట్టు మీద కాకిని చూస్తున్నాడు.

ఐదువేల ఐదువందలు. చీటీ రాసిచ్చినాడు, నేను చదవకుండా జేబులో పెట్టుకున్నాను.

మెకానిక్ దాన్ని చూడ్డానికి రెండు సెకన్లు పట్టింది. గోరు కూడా పెట్టలేదు. "ఐదు లైన్లు సార్ ఇది." పాత కంప్రెసర్ పుల్లీ తీసి దీనికి వేయకూడదా అంటే, దాని బేరింగు కూడా కాలిపోయింది, పైగా ఇది వేరే సైజు అన్నాడు. ఫోన్ ఎందుకు ఎత్తలేదయ్యా అంటే, "సైలెంట్‌లో ఉండె సార్." తర్వాత తీసి నా ఫొటో చూసినాడు. "ఆ, ఐదే. క్లియర్‌గా తెలుస్తాంది కదా సార్."

మళ్లీ ఆటో. మళ్లీ ఏడో నంబర్ రోడ్డు. ఇప్పుడు ఓనరు ఉన్నాడు. "అమ్మిన సామాను వాపసు తీసుకోబడదు" అని ఎర్ర రంగుతో గోడ మీద రాసి ఉంది, మధ్యాహ్నం దానికి ఒక బానెట్ అడ్డం ఉండింది. మార్చి ఇస్తాడంట గానీ పదిహేనువందలు కోత అంట. ఏం అరిగిపోయిందని కోత? మూడు గంటలు ఆటోలో తిరిగింది తప్ప ఒక్క చుట్టు కూడా తిరగలేదు అది. ఆ మాటే అన్నాను. ఆయన చీటీ చూపించమన్నాడు. తీసి చూస్తే కొడుకు చేతిరాత: "కంప్రెసర్ 1. 6 లైన్లు (సార్ చెప్పిన లెక్క)."

"నీకు తెలుసు కదా ఇది ఐదని?" అన్నాను పిల్లోడితో.

"తెలుసు సార్."

"మరి చెప్పల్ల కదా!"

"మీ దగ్గరే చదువుకున్నా సార్, సెకండ్ ఇయర్ బీ సెక్షన్. స్తంభాల లెక్కకు పది అన్నానని పీరియడ్ అంతా నిలబెట్టినారు. మీ లెక్క తప్పు అంటే బాగుండదని గమ్మునుంటి సార్."

ఎంత గౌరవమో చూడండి. అమ్మేటప్పుడు నేను సారు, గురువు, దేవుడు. మార్చేటప్పుడు పదిహేనువందలు. ఆ గౌరవంలో ఒక వెయ్యి తగ్గించుకుని ఉంటే నేనేమీ అనుకునేవాణ్ణి కాదు. "నాయన ఒప్పుకోడు సార్" అన్నాడు, నాయన పక్కనే ఉండగా. నాయన లెడ్జరులోంచి తల ఎత్తలేదు.

డబ్బు కట్టినాను. ఇంకొకటి తెచ్చినారు. పుల్లీ కిరసనాయిలుతో కడిగి, తెల్లగుడ్డ మీద పెట్టి చూపించినారు, పెళ్లిచూపుల్లో పిల్లను కూర్చోబెట్టినట్టు. నేను వేలు పెట్టబోతుంటే పిల్లోడు ఫోను తీసినాడు. "సార్, ఏమనుకోవద్దు. మీరే పైకి లెక్కపెట్టండి, వీడియో తీసుకుంటా. మళ్లీ మీకు ఇబ్బంది లేకుండా."

లెక్కపెట్టినాను. ఒక్కొక్క గాడిలో అగ్గిపుల్ల దించుతూ, పైకి, ఒకటి, రెండు, మూడు. ఐదు దగ్గర గొంతు కొంచెం వణికింది. ఆరు. టీ పిల్లవాడు చప్పట్లు కొట్టినాడు. మధ్యాహ్నపు పెద్దాయన డైనమో తీసుకుని వెళ్లిపోయినాడంట, అదొక్కటే నా అదృష్టం.

నిన్న రాత్రి పది గంటలకు ఆ వీడియో మా కాలేజీ స్టాఫ్ గ్రూపులోకి వచ్చింది. ఎట్లా వచ్చిందో అడిగితే ఎవరూ చెప్పరు. జువాలజీ ఆయన "శభాష్" అని రాసినాడు. ప్రిన్సిపాల్ గారు కింద బొటనవేలు బొమ్మ పెట్టినారు.

కారు ఇంకా షెడ్డులోనే ఉంది. కంప్రెసర్ మారిస్తే డ్రయ్యరు, అంటే లోపలి తేమను పీల్చే డబ్బా, కూడా మార్చి తీరాలంట, పాత గొట్టాలన్నీ కడగాలంట, ఆ తర్వాతే గ్యాసు. డ్రయ్యరు బెంగళూరు నుంచి బస్సులో రావాలంట. ఇందాక మెకానిక్ ఫోన్ చేసినాడు, ఓ-రింగులు, అంటే గొట్టాల అతుకుల్లో వేసే రబ్బరు చుట్లు, కూడా తెమ్మన్నాడు. ఎన్ని అని అడిగినాను.

"మీరే వచ్చి లెక్కపెట్టుకోండి సార్" అన్నాడు.