ఇరవై డిగ్రీల కాఫీ

మే నెలలో కడపలో ఇరవై డిగ్రీల నీళ్ళు కావాలంటే రెండే దార్లు. ఒకటి ఊటీకి పోవడం. రెండోది ఇంటావిడ చేత నాలుగు మాటలు పడి ఫ్రిజ్‌లో కాస్త చోటు సంపాదించడం. నేను రెండో దారి పట్టాను. బస్సు ఛార్జీలు పోతే పోయాయి, ఊటీకే పోయి ఉండాల్సింది.

నాకు పాతవంటే పిచ్చి. పాత పాటలు, పాత సినిమాలు, పాత ఫోటోలు. ఇంటికెవరొచ్చినా అరగంటలో మాట సినిమాల మీదికి మళ్ళిస్తాను. బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములది మన పులివెందుల వైపేనండీ, కె.వి.రెడ్డి పుట్టింది ఈ పక్కనున్న తాడిపత్రిలోనండీ అని మొదలుపెట్టి, 1957లో 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లే కెమెరాతో కాయించిన వెన్నెల దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు బొంగురు పోతుంది. అప్పుడు మా ఆవిడ లోపలి నుంచి వచ్చి, "బావా, వాళ్ళు పెండ్లిపత్రిక ఇచ్చేదానికొచ్చినారు. ఇంకా పదిళ్ళకు పోవల్ల" అని గుర్తుచేస్తుంది.

ఆ వెన్నెలే నా కొంప ముంచింది. పాత సామాన్ల అంగట్లో ఒక ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా దొరికింది. ఒకప్పుడు మన దేశంలోనే తయారై, ఇంటింటా పుట్టినరోజులు, తిరుపతి గుండ్లు అన్నీ తీసిన డబ్బా. రీలుకు పన్నెండే ఫోటోలు. వెనకాల ఎర్ర కిటికీలో అంకె కనపడేదాకా తిప్పుకుంటూ పోవాలి. ఫోన్లో పన్నెండు ఫోటోలంటే మా వాడు అన్నం పళ్ళేనికి తీసేవి. నేను మాత్రం పన్నెండింటికి రెండు నెలలు తీసుకున్నాను.

అందులో అయిదు మా అత్తవి. అత్త అంటే మా ఆవిడ తల్లే కాదు, మా నాయనకు సొంత చెల్లెలు కూడా. కాబట్టి అల్లుడన్న మర్యాదలేవీ నాకు దక్కవు. "ఏరా నాయనా" అంటే ఆ పూట నా మీద ప్రేమ, వట్టి "ఏరా" అంటే లేదు. ఫోటో అనగానే మొదట, "ఈ వయసులో నాకెందుకురా" అంది. పది నిమిషాల్లో ట్రంకుపెట్టె అడుగున ఉన్న జరీ చీర కట్టుకుని, మిద్దె మీద కుర్చీ వేయించుకుని, గడ్డం కింద వేలు పెట్టుకుని కూర్చుంది. పాలకొండల వెనక్కి పొద్దు వాలుతోంది. "నగాల్నా, వద్దా?" అని అడిగింది. వద్దన్నాను. నవ్వేసింది. ఆ నవ్వు పడిందో లేదో రీలు కడిగితే గానీ తెలియదు.

కడగడమే అసలు కథ. ఏడురోడ్ల దగ్గర ఒక పాత స్టూడియో ఆయనను అడిగితే, "డార్క్ రూమా? దాంట్లో ఇప్పుడు జెరాక్స్ మిషన్ పెట్టినాం సార్" అన్నాడు. నేనే కడుగుదామని పుస్తకాలు తిరగేస్తే ఒక అద్భుతం దొరికింది. ఫిల్మును కాఫీతో కడగొచ్చు! 1995లో అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్ళో ఫోటోగ్రఫీ రసాయనాలు చదివేవాళ్ళు ఈ పద్ధతి కనిపెట్టారు. అరలీటరు నీళ్ళకు ఇరవై గ్రాముల ఇన్‌స్టంట్ కాఫీ, ఇరవై ఏడు గ్రాముల చాకలి సోడా, ఎనిమిది గ్రాముల విటమిన్ సి. ఇరవై డిగ్రీల వేడిలో పదిహేను నిమిషాలు. బొమ్మను పైకి తెచ్చేది కాఫీ, విటమిన్‌లే అయినా సోడా పడకపోతే వాటికి చేతులు రావు. మూడూ కలిస్తే వచ్చే కంపు మాత్రం రాసి చెప్పేది కాదు. తడిసిన కుక్కను కాఫీ గింజల్లో వేయించినట్టు ఉంటుంది.

శనివారం రాత్రి ఫిల్మును కడిగే డబ్బాలోకి ఎక్కించాను. ఈ పని చిమ్మచీకట్లో చేయాలి. వీధి దీపం వెలుతురు సందు సందునా దూరుతోంది కాబట్టి, మంచం మీద రెండు దుప్పట్లు, దాని మీద బొంత కప్పుకుని లోపల కూర్చున్నాను. బయట ముప్పై అయిదు డిగ్రీలు, లోపల ఎంతో దేవుడికి తెలుసు. చెమటకు చేతులు జారుతున్నాయి, రీలు చక్రంలోకి ఎక్కడం లేదు. అంతలో అత్త నీళ్ళచెంబు కోసం అటు వచ్చింది.

"అమ్మే! మీ ఆయనకు చలిజరం వచ్చినట్టుంది. బొంత కింద ఎట్ల వణుకుతాండాడో సూడు!"

బొంత కొస పైకి లేచింది. "అత్తా, ఎత్తొద్దు! ఎత్తితే నువ్వే పోతావు!" అని కేక పెట్టాను. నా ఉద్దేశం ఆమె ఫోటోలు పోతాయని. ఆమెకు ఎట్లా వినపడిందో గానీ, కాసేపటికి మిరియాల కషాయం గ్లాసు మాత్రం మంచం పక్కకు వచ్చి చేరింది. బయటకు వచ్చాక తాగాను. తాగకపోతే ఊరుకోదు.

ఆదివారం పొద్దున్నే కాఫీ, సోడా, విటమిన్ కలిపి స్టీలు జగ్గులో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. మిద్దె మీది ట్యాంకు నీళ్ళు ఎనిమిదింటికే స్నానానికి వేణ్ణీళ్ళు. జ్వరం చూసే థర్మామీటరు ముప్పై అయిదు దగ్గర మొదలవుతుంది, నాకు పనికిరాదు. అందుకని చేపల తొట్టిలో పెట్టే గాజు థర్మామీటరు తెచ్చుకున్నాను. ఈ లోగా బాత్రూములో రెండో ద్రావణం, పైకి వచ్చిన బొమ్మను ఫిల్ము మీద నిలిపే హైపో, కలిపాను. హైపో పలుకులు నీళ్ళలో వేస్తే నీళ్ళు వాటంతటవే చల్లబడతాయి. మేలో కడపలో ఊరికే చల్లబడేది నాకు తెలిసి ఇదొక్కటే. చేతిలో బకెట్ పట్టుకుని కాసేపు ఆ చల్లదనం అనుభవించాను. అదే నేను చేసిన తప్పు. ఆ కాసేపట్లోనే వంటింట్లో జరగాల్సింది జరిగిపోయింది.

గంట తర్వాత జగ్గు తీసి థర్మామీటరు ముంచాను. సరిగ్గా ఇరవై! గీత మీద గీత! జగ్గు మూతి దగ్గర ముక్కు పెట్టాను. కంపు లేదు. సరికదా, కమ్మగా ఉంది. చల్లబడితే కంపు పోతుంది కాబోలు, ఈ సంగతి ఆ రోచెస్టర్ వాళ్ళకు కూడా తెలిసి ఉండదు అని కొంచెం గర్వపడ్డాను.

పదిహేను నిమిషాలు లెక్క పెట్టడానికి నాకు గడియారం అక్కర్లేదు. కీ ఇచ్చే గ్రామఫోను ఉంది. లక్కతో చేసిన డెబ్బై ఎనిమిది స్పీడు రికార్డు ఒక వైపు ఆడితే సుమారు మూడు నిమిషాలు. అయిదు వైపులు ఆడితే ఫిల్ము అయినట్టే. ప్రతి వైపుకూ ముల్లు మార్చాలి, కీ తిప్పాలి. ఈ సందులో డబ్బాను కూడా నిమిషానికోసారి తిరగేసి మరగేయాలి. నేను ఒక చేత్తో కీ, ఒక చేత్తో డబ్బా, నోట్లో ముల్లుల పెట్టె పట్టుకుని ఉండగా ప్రొద్దుటూరు నుంచి మా బావమరిది పిల్లాపాపలతో దిగాడు. 'మల్లీశ్వరి'లో భానుమతి గొంతు గిర్రున తిరుగుతోంది. "బావ బాగుండాడా?" అని మా ఆవిడను అడిగాడు. ఆమె ఏమీ అనలేదు. నా వైపు చూపించింది.

అయిదో వైపు అయింది. కాఫీ పారబోసి, హైపో పోసి, అది కూడా అయ్యాక అందరినీ పిలిచాను. అత్తను ముందు నిలబెట్టాను. మూత తీసి, చక్రంలోంచి ఫిల్ము ఒక కొస పట్టుకుని, మంత్రగాడు రుమాలు లాగినట్టు పైకి లాగాను.

అద్దం. అచ్చం అద్దం. ఈ కొస నుంచి ఆ కొస దాకా లేత టీ రంగు అద్దం. దాని వెనకాల నుంచి మా బావమరిది ముఖం చక్కగా కనిపిస్తోంది.

"నేను యాడుండానురా?" అని అత్త వంగి చూసింది.

పిల్లలు నవ్వారు. నేను ఫిల్ము అంచులు చూశాను. అంచున కంపెనీవాళ్ళు వేసే అంకెలు ఉంటాయి. కెమెరా తప్పయితే ఫోటోలు ఉండవు గానీ అంకెలు ఉంటాయి. ఇక్కడ అంకెలు కూడా లేవు. అంటే కెమెరా తప్పు కాదు, కడిగిన నీళ్ళది తప్పు. జగ్గు అడుగున మిగిలింది వేలితో ముట్టి నాలుక మీద పెట్టుకున్నాను.

మంచి ఫిల్టర్ కాఫీ. చికోరీ కూడా పడింది.

"అత్తా," అన్నాను, "ఈ జగ్గులో ఏమన్నా మార్చినావా?"

"ఆ, పొద్దున ఫ్రిజ్ తెరిస్తే కడుపులో దేవింది నాయనా. నువ్వు సల్లగా తాగుదామని పెట్టుకున్న డికాషన్ సెడిపోయిండాది. దాన్ని సింకులో పారబోసి, జగ్గు తోమి, కొత్తది చిక్కగా దింపి పెట్టినా. నిన్న రాత్రి జరమొచ్చిన మనిషివి, సెడిపోయింది తాగితే ఏమైతాదో అని."

మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. భుజాలు కదలడం నాకు వెనక నుంచి కనపడింది. బావమరిది మాత్రం పెద్దమనిషి తరహాగా, "అయితే బావా, ఆ పదిహేను నిమిషాలూ కాఫీకే పాటలు వినిపిచ్చినావన్న మాట" అన్నాడు.

అత్తకు నిజం చెప్పక తప్పలేదు. నీ ఫోటోలు నువ్వే పారబోశావు అని నేరుగా అనలేక, కాఫీ గురించి, సోడా గురించి మొదటి నుంచి చెప్పుకొచ్చాను. అంతా విని, కాసేపు ఆ అద్దం ముక్కను వెలుతురుకు పెట్టి చూసి, "పోతే పోనీలేరా. ఆ పొద్దు కొంగు సరిగ్గా లేదు" అంది. ఆమెకు ముందే తెలిసుంటే ఆ రోజే చెప్పేది గదా అనిపించింది గానీ అడగలేదు.

ఇక్కడితో అయిపోయేదే. కానీ మధ్యాహ్నం అందరూ సంగటి తిని లేచాక మా ఆవిడ వంటింట్లోంచి పిలిచింది. నెలరోజులుగా నీళ్ళు దిగని సింకు అది. ప్లంబర్ రేపు, ఎల్లుండి అంటూ తిప్పుతున్నాడు. దాంట్లో ఒక బిందె నీళ్ళు పోసి చూపించింది. గలగలమని దిగిపోయాయి. చాకలి సోడా జిడ్డును కోసేస్తుందని నాకు తెలుసు గానీ, అప్పుడు ఆ మాట నా నోట రాలేదు.

మూడు వారాలయింది. నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింటి గట్టు మీద ఇన్‌స్టంట్ కాఫీ సీసా, సోడా పొట్లం, విటమిన్ డబ్బా వరుసగా పెట్టి ఉన్నాయి. పక్కన స్టీలు జగ్గు. గుండె పొంగింది. ఇన్నాళ్ళకు నా పిచ్చి ఈ ఇంటికి అర్థమైందనుకుని, కొత్త రీలు తెద్దామా అని అడిగాను.

"రీలెందుకు బావా," అంది మా ఆవిడ, "సింకు మళ్ళా నిలబడింది."