పక్షం ఎంచుకున్నది ఓడరేవు కాదు

అమెరికా అంతర్యుద్ధం (1861–65) గురించి ఒక కథ బాగా షేర్ అవుతోంది. ఐర్లండ్ కరువుకు తాళలేక వలస వెళ్లిన ఒకే ఇంటి అన్నదమ్ముల్లో న్యూయార్క్‌లో ఓడ దిగినవాడు ఉత్తరాది సైన్యంలో చేరాడట, దక్షిణాన దిగినవాడు దక్షిణాది సైన్యంలో చేరాడట. ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధంలో దక్షిణాది వైపున్న జార్జియా ఐరిష్ రెజిమెంట్ ఎదురుగా వస్తున్న ఐరిష్ పచ్చజెండాలను చూసి ఏడుస్తూనే తుపాకులు పేల్చిందట. అసలు బానిసత్వం గొడవే వాళ్లకు తెలియదట. చదివినవాళ్ల గుండె కరిగేలా ఉంది కానీ, ఇది నిజం కాదు.

ముందు జెండాల సంగతి. 1862 డిసెంబర్ 13న ఉత్తరాది సైన్యంలోని ఐరిష్ బ్రిగేడ్, ఫ్రెడరిక్స్‌బర్గ్‌లోని మేరీస్ హైట్స్ అనే గుట్ట కింది రాతిగోడ మీదికి వెళ్లినప్పుడు, న్యూయార్క్ రెజిమెంట్ల పచ్చజెండాలు అక్కడ లేవు. చిరిగిపోయాయని వాటిని వెనక్కి పంపేశారు, కొత్తవి ఇంకా రాలేదు. 28వ మసాచుసెట్స్ రెజిమెంట్ దగ్గర మాత్రమే పచ్చజెండా ఉంది. అందుకే మిగతావాళ్లు గుర్తుగా టోపీల్లో బాక్స్‌వుడ్ రెమ్మలు గుచ్చుకున్నారు. సుమారు 1,200 మందిలో 545 మంది చనిపోవడమో, గాయపడడమో, జాడ తెలియకుండా పోవడమో జరిగింది. గోడ వెనక ఉన్న దక్షిణాది రెజిమెంట్ 24వ జార్జియా, అది ఐరిష్ రెజిమెంట్ కాదు. దాని కల్నల్ రాబర్ట్ మెక్‌మిలన్ ఐర్లండ్‌లోని ఆంట్రిమ్‌లో పుట్టినవాడే, కానీ సైనికుల్లో ఎక్కువమంది ఈశాన్య జార్జియా కొండ ప్రాంతాలవాళ్లు.

అసలు వాదన రేవు గురించి. దానికి జవాబు మిచెల్ కుటుంబమే. జాన్ మిచెల్, థామస్ ఫ్రాన్సిస్ మార్ ఇద్దరూ బ్రిటిష్ పాలనను ఎదిరించిన యంగ్ ఐర్లండ్ ఉద్యమ సహచరులు. 1848లో ఇద్దరికీ శిక్ష పడింది, ఇద్దరినీ నేటి టాస్మానియాకు పంపారు. అక్కడి నుంచి తప్పించుకుని ఇద్దరూ చేరింది ఒకే ఊరికి, న్యూయార్క్‌కే. 1854లో అక్కడ మిచెల్ నడిపిన పత్రికకు మార్ కూడా తోడున్నాడు. ఆ పత్రికలోనే మిచెల్, తనకు అలబామాలో బానిసలు నిండిన తోట ఉంటే బాగుండునని రాశాడు. తర్వాత టెనెస్సీ వెళ్లి, ఆఫ్రికా నుంచి బానిసల వ్యాపారాన్ని మళ్లీ తెరవాలని వాదించాడు. మార్‌కూ మొదట్లో దక్షిణాది మీద సానుభూతి ఉండేది. కానీ యుద్ధానికి నాంది పలికిన, సమ్టర్ కోట మీద దక్షిణాది దాడి జరిగాక అతను ఉత్తరాది సైన్యంలో చేరాడు, ఐరిష్ బ్రిగేడ్‌ను నిలబెట్టాడు. ఒకే రేవులో దిగిన ఇద్దరు స్నేహితులు చెరో పక్కకు వెళ్లారంటే, అందులో రేవు చేసిందేముంది?

బానిసత్వం గొడవ వాళ్లకు తెలియదన్న మాట మరీ అన్యాయం. 1840ల తొలినాళ్లలోనే ఐర్లండ్ నుంచి, అక్కడి ప్రముఖ నాయకుడు డేనియల్ ఓకానెల్‌తో సహా సుమారు 60,000 మంది సంతకాలతో అమెరికాలోని ఐరిష్‌వాళ్లకు ఒక విజ్ఞప్తి వెళ్లింది. బానిసత్వాన్ని వ్యతిరేకించే వాళ్లతో చేయి కలపమని అందులో అడిగారు. అమెరికాలో చాలామంది దాన్ని చెవిన పెట్టలేదు. అలాగని ఉత్తరాన చేరిన ఐరిష్‌వాళ్లంతా బానిసల విముక్తి కోసం పోరాడారనీ నేను అనను. 1863 జూలైలో నిర్బంధ సైనిక భర్తీ మీద న్యూయార్క్‌లో చెలరేగిన అల్లర్లలో ఐరిష్ మూకలు నల్లజాతివాళ్లను చంపాయి. నల్లజాతి అనాథ పిల్లల ఆశ్రమాన్ని తగలబెట్టాయి.

ఆ నెలలోనే గెటిస్‌బర్గ్ యుద్ధంలో మిచెల్ కొడుకు విలియం దక్షిణాది తరఫున చనిపోయాడు. మరుసటి ఏడాది జూలైలో, సమ్టర్ కోటకు కమాండర్‌గా ఉన్న పెద్ద కొడుకు జాన్ ఫిరంగి గుండుకు బలయ్యాడు. ఇంకో కొడుకు జేమ్స్ చెయ్యి పోగొట్టుకున్నాడు. ఇంత పోయాక కూడా, ఓటమి ముంచుకొస్తున్న దక్షిణాదిలో, సైన్యంలో చేరిన బానిసలకు స్వేచ్ఛ ఇద్దామన్న ప్రతిపాదన వస్తే మిచెల్ దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లోని పత్రికలో దాన్ని వ్యతిరేకించాడు. స్వేచ్ఛను బహుమతిగా ఇస్తే, వాళ్లను బానిసలుగా ఉంచడం మొదటినుంచీ నేరమేనని మనమే ఒప్పుకున్నట్టవుతుందన్నది అతని వాదన. ఇంత స్పష్టంగా తెలిసి రాసిన మనిషిని పట్టుకుని, పాపం ఏమీ తెలియని వలసజీవి అనడం ఎలా కుదురుతుంది?